కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ బరువుగా తిరగడం గురించి

మీ పదిహేనేళ్ల సెడాన్‌లో లోపం చాలావరకు ఎర్త్ తీగదే (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపే తీగ). బ్యాటరీ దగ్గరి కొనను అందరూ శుభ్రం చేస్తారు. ఆ తీగ గేర్‌బాక్సుకు, బాడీకి బిగించిన రెండో కొనను మాత్రం వదిలేస్తారు. తుప్పు దాక్కునేది అక్కడే!

1. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయండి. మల్టీమీటరును (వోల్టేజి కొలిచే పరికరం) 20 వోల్టుల డీసీ మీద పెట్టండి.
2. మీటరు తీగల ముళ్లలో ఒకటి బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (పోస్టును పట్టి ఉంచే క్లాంపు మీద వద్దు, కొలత తప్పుతుంది), రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని లోహానికి.
3. ఇంకొకరు సెల్ఫ్ కొడుతుండగా చూడండి. 0.5 వోల్టు దాటితే ఎర్త్ దోషమే.
4. దోషం తేలితే ముందు నెగటివ్ క్లాంపు విప్పండి. తర్వాత ఆ రెండో కొన బోల్టు తీసి, తీగ కొననూ దాని కింది లోహాన్నీ మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించండి. పైన కాస్త పెట్రోలియం జెల్లీ.

కొలత 0.2 లోపే ఉంటే స్టార్టర్ మోటారు (సెల్ఫ్) విప్పి చూపించండి.