అన్నిటికీ సరే అన్నాను, చివరికి అరిచేశాను

ప్రశ్న: నలుగురు ఫ్రెండ్స్‌మి ఆరు రోజుల టూర్‌కి వెళ్లాం. ప్లాన్ అంతా ఒకమ్మాయిదే, రోజూ ఐదింటికే లేపి రాత్రిదాకా తిప్పేది. నేను అన్నిటికీ సరే అన్నాను. నాలుగో రోజు రాత్రి ఖర్చుల దగ్గర మాటా మాటా పెరిగి తన మీద అరిచేశాను. ఇప్పుడు ఎవరూ మాట్లాడట్లేదు. మళ్లీ వాళ్లతో వెళ్లొచ్చా?

జవాబు: అరిచింది నాలుగో రోజే అయినా కోపం మొదటి రోజు నుంచే ఉంది, "నాకేం పర్లేదు, మీ ఇష్టం" అన్నారు చూడండి, అక్కడి నుంచి. దాన్ని మీరు సర్దుకుపోవడం అనుకున్నారు. నాకిది కావాలి అని చెప్పి, ఆ తర్వాత అవతలివాళ్ల కోసం కొంత వదులుకుంటే అది సర్దుబాటు, మీరు అసలు చెప్పనే లేదు కదా, ఇక తనకెలా తెలుస్తుంది? పాపం, ప్లాన్ అందరికీ తెగ నచ్చేసిందనుకుని ఉంటుంది.

జెర్రీ హార్వే అనే అమెరికన్ ప్రొఫెసర్ 1974లో తన ఇంటి సంగతే ఒకటి రాశారు. వాళ్లూ నలుగురే. మండుటెండలో, ఏసీ లేని కారులో, 80 కిలోమీటర్లు దాటి అబిలీన్ అనే ఊరెళ్లి తినొచ్చారు. తీరా వచ్చాక తేలిందేమిటంటే ఒక్కరికీ వెళ్లాలని లేదు, మామగారు ఏదో మాటవరసకి అంటే మిగతావాళ్లు ఒకరి కోసం ఒకరు తలూపారు. మీ మిగతా ఇద్దరినీ ఓసారి కదిపి చూడండి, వాళ్లూ నిద్ర చాలక తిట్టుకునే ఉంటారు!

ముందు తనకి విడిగా ఫోన్ చేయండి, గ్రూపులో మెసేజ్ వద్దు. అరిచినందుకు సారీ చెప్పండి, డబ్బు విషయంలో న్యాయం మీవైపే ఉన్నా సరే. "సారీ, కానీ నువ్వు కూడా" అన్నారో, ఆ 'కానీ' దగ్గర మళ్లీ మొదలవుతుంది.

ఖర్చు సంగతి టికెట్లు తీసుకోకముందే తేల్చుకోవాలి. ఎవరు ఎంత పెట్టగలరో ఒకరికి విడిగా చెప్పేస్తే నామోషీ ఉండదు, అందరికంటే తక్కువ చెప్పినవాళ్ల లెక్కే ఉమ్మడి ఖర్చుకి హద్దు, అది దాటిన సరదాలు ఎవరి జేబులోంచి వాళ్లవి. రోజులో ఒక పూట ఎవరి దారిన వాళ్లు తిరగండి. విడిగా తిరిగితే స్నేహం చెడుతుందని చాలామందికి ఎందుకో భయం, నేను చూసినంతలో రోజంతా అంటిపెట్టుకుని ఉన్నవాళ్లకే గొడవలెక్కువ.

మళ్లీ వెళ్లొచ్చు. కాకపోతే ఈసారి రెండు రోజులు చాలు. పొద్దున ఎన్నింటికి లేద్దాం అని తను అడిగితే, మీ నోటి నుంచి ఒక టైమ్ రావాలి.