డీజిల్ స్కూటర్‌కు హైడ్రాలిక్ డ్రైవ్ సరిపోతుందా?

చైను, గేర్‌బాక్సు లేకుండా 5 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్‌కు నూనెను పీడనంతో తోసే హైడ్రాలిక్ పంపును, వెనుక చక్రానికి ఆ నూనెతో తిరిగే హైడ్రాలిక్ మోటారును బిగించి ఇంట్లోనే స్కూటర్ తయారుచేయవచ్చా అన్న ప్రశ్నకు, సాధ్యమే కాని మైలేజీ ఆశించవద్దు అన్నదే నా జవాబు.

ఒక్కో తిరుగుడుకు 10 సీసీ నూనె తోసే పంపు 3000 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి 30 లీటర్లు ఇస్తుంది. 70 బార్ పీడనంలో అది 3.5 కిలోవాట్లు, అంటే దాదాపు ఇంజిన్ శక్తి మొత్తం. 10 అంగుళాల రిమ్ముపై టైరు చుట్టుకొలత సుమారు 1.35 మీటర్లు కనుక, గంటకు 40 కిలోమీటర్ల వేగానికి చక్రం 500 ఆర్‌పీఎంకు దగ్గరగా తిరగాలి, దానికి ఒక్కో తిరుగుడుకు 60 సీసీ నూనె తీసుకునే మోటారు కావాలి. పంపు, మోటారు, గొట్టాలు కలిసి పావు వంతుకు పైగా శక్తిని వేడిగా మార్చేస్తాయి కాబట్టి అసలు వేగం ఇంతకంటే తక్కువే ఉంటుంది, ఆయిల్ కూలర్ తప్పనిసరి.

స్థిర పంపు, స్థిర మోటారు, అంటే ఒక్కో తిరుగుడుకు పట్టే నూనె పరిమాణం మారనివి, కలిస్తే ఒకే గేరున్న బండితో సమానం. అందువల్ల ధర ఎక్కువైనా, నూనె పరిమాణాన్ని సున్నా వరకు తగ్గించగల స్వాష్‌ప్లేట్ పంపునే ఎంచుకోవడం మేలు. చౌకగా స్థిర పంపే వాడదలిస్తే, తటస్థ స్థితిలో (న్యూట్రల్‌లో) మోటారుకు నూనె వచ్చే, పోయే రెండు ద్వారాలనూ కలిపి వదిలే వాల్వు పెట్టాలి, ఎందుకంటే ద్వారాలు మూసుకుపోతే నడుస్తున్న చక్రం ఒక్కసారిగా బిగుసుకుని మనిషిని పడేస్తుంది. పీడనం హద్దు దాటితే నూనెను వదిలేసే రిలీఫ్ వాల్వు, విడి బ్రేకులు ఎలాగూ ఉండాలి.