మీ ప్రశ్నలు: గద్ద చచ్చిపోతే దాని శక్తి ఎటు పోతుంది?

ప్రశ్న: ఐదో తరగతికి ఆహారపు గొలుసు పాఠం చెప్పాను. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బోర్డు మీద రాస్తే సగం మంది బాణాలు రివర్స్‌లో గీస్తున్నారు. పైగా ఒక బాబు లేచి, "గద్ద చచ్చిపోతే దాని శక్తి మట్టిలోకి పోయి, అక్కణ్ణుంచి మళ్ళీ గడ్డికి వస్తుంది కదా టీచర్" అన్నాడు. క్లాసంతా అవునంది. కాదని నాకు తెలుసు గానీ వాళ్ళ స్థాయిలో ఎలా చెప్పాలో తోచలేదు. మాకు ల్యాబ్ లేదు, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలంటే పర్మిషన్ల టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– ఒక టీచర్, మల్కాజిగిరి

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ బాబుని క్లాసు ముందు మెచ్చుకోండి, ఎందుకంటే వాడు చెప్పినదాంట్లో సగం నిజం, ఆ సగం చాలామంది పెద్దవాళ్ళకే తట్టదు. గద్ద ఒంట్లోని నత్రజని, భాస్వరం, కాల్షియం మట్టిలో కలుస్తాయి, కార్బన్‌లో చాలా భాగం గాలిలోకి పోతుంది, వాటిని గడ్డి మళ్ళీ తీసుకుంటుంది. ఇదంతా పదార్థం. మిగతా సగం దగ్గరే చిక్కు. ఆ కళేబరంలో మిగిలిన శక్తిని పురుగులూ శిలీంధ్రాలూ బ్యాక్టీరియా బతకడానికి వాడేసుకుంటాయి, అది చివరికి వేడిగా బయటికి పోతుంది. ఆ వేడితో ఆహారం తయారు చేసుకోవడం గడ్డికి చేతకాదు, దానికి ఎండే కావాలి.

నా అభిప్రాయం ఏమిటంటే, శక్తినీ పదార్థాన్నీ ఒకే బొమ్మలో ఒకే రంగు బాణంతో చూపించినంత కాలం ఈ తికమక పోదు. రెండింటికీ రెండు వేర్వేరు వస్తువులు పిల్లల చేతికివ్వండి. శక్తికి నీళ్ళు, పదార్థానికి చింతగింజలు. చోటు కూడా బడి ముందున్న సిమెంటు వాకిలి చాలు, కాకపోతే ఎండ పడుతూ ఉండాలి, అది ముఖ్యం.

ఐదుగుర్ని గడ్డి, మిడత, కప్ప, పాము, గద్దగా వరసగా నిలబెట్టండి, వాళ్ళు కాక ఒకరు సూర్యుడు, ఒకరు విచ్ఛిన్నకారి (చచ్చినవాటిని కుళ్ళబెట్టే పురుగులూ బ్యాక్టీరియా లాంటివి). నేల మీద రెండు పళ్ళేలు పెట్టి ఒకదానికి 'గాలి', ఒకదానికి 'మట్టి' అని చీటీ అతికించి, మొత్తం వంద గింజలు వాటిలో పోయండి, గాలి పళ్ళెంలో ఎక్కువ, మట్టి పళ్ళెంలో కొన్నే. సూర్యుడు గడ్డికి లీటరు నీళ్ళు పోస్తాడు. గడ్డి రెండు పళ్ళేల నుంచీ గింజలు తీసుకుంటుంది. ఇక మిడత తినాలి, కానీ దానికి వెళ్ళేది 100 మిల్లీలీటర్లే, మిగతా 900 ఎండకు కాలుతున్న సిమెంటు మీద పారబోయించండి. కప్పకు 10, అంటే దగ్గు మందు మూతకు సరిపడా. పాముకు 1, డ్రాపరుతో. గద్ద దగ్గరికి వచ్చేసరికి రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలు అరచేతిలో వేసుకున్న పిల్లవాడి మొహం చూడండి, అడవిలో గడ్డి అంత ఎక్కువగా, గద్దలు అంత తక్కువగా ఎందుకుంటాయో వాడికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

గింజలకు మాత్రం వేరే రూలు. అవి చేతులు మారుతున్నప్పుడు ప్రతి జంతువూ ఊపిరి వదిలినందుకు కొన్ని గాలి పళ్ళెంలో, పెంట వేసినందుకు కొన్ని మట్టి పళ్ళెంలో వేస్తుంది. చివరికి గద్ద చచ్చిపోతుంది, విచ్ఛిన్నకారి వచ్చి దాని దగ్గర మిగిలినవి రెండు పళ్ళేల్లోకీ సర్దుతుంది. తర్వాత నలుగురితో లెక్క పెట్టించండి. వంద వందా ఉంటాయి. వాకిలి చూపించండి, అప్పటికి తడి ఆరిపోతూ ఉంటుంది. అప్పుడు ఏమీ వివరించకుండా "రెండో ఆట మొదలుపెడదామా, ఏం కావాలి?" అని మాత్రమే అడగండి. గింజలున్నాయి, నీళ్ళు లేవు, సూర్యుడు మళ్ళీ రావాలని వాళ్ళే అరుస్తారు. తొందరపడి ఆ మాట మీరు చెప్పేయకండి, దయచేసి. (నీళ్ళు బకెట్‌లో పారబోయించవద్దు, శక్తి ఎక్కడో నిల్వ ఉందనుకుంటారు.)

ఒక్కో మెట్టులో పదో వంతే ముందుకు వెళ్తుందన్న ఈ పది శాతం లెక్క రేమండ్ లిండెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మినసోటాలోని ఒక చిన్న సరస్సు మీద చేసిన పని నుంచి బయల్దేరింది, ఆ వ్యాసం 1942లో అచ్చయింది. అది ఉజ్జాయింపు మాత్రమే, చోటును బట్టీ జీవిని బట్టీ మారుతుంది. పైగా మిగతా తొంభై అంతా ఒకేసారి వేడి అయిపోదు, కొంత తినకుండా మిగులుతుంది, కొంత పెంటలో పోతుంది, వాటిని విచ్ఛిన్నకారులు వాడుకున్నాక అదీ వేడే అవుతుంది. ఐదో తరగతికి ఇంత వివరం అక్కర్లేదు గానీ, పది శాతం అని బట్టీ మాత్రం పట్టించకండి.

వేడి మాట నమ్మకపోతే అది కూడా చూపించొచ్చు. పార్కులో గడ్డి కోసినప్పుడు మాలిని అడిగి ఒక గోనె సంచి నిండా పచ్చిగడ్డి కుక్కి తెచ్చి, రాత్రంతా గదిలో మూల పెట్టి, మర్నాడు నడిమధ్యలోకి చెయ్యి పోనిస్తే వెచ్చగా తగులుతుంది. పక్కనే వట్టి ఇసుక నింపిన సంచి కూడా పెడితే తేడా తెలుస్తుంది. చిన్న డబ్బాలో ప్రయత్నించకండి, పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. సంచిలోకి ముందు మీరు చెయ్యి పెట్టి, పురుగూ పుట్రా లేదని చూసుకున్నాకే పిల్లల్ని పెట్టనివ్వండి, తర్వాత సబ్బుతో చేతులు కడిగించండి.

బాణాల సంగతి సులువు. పిల్లలు బాణాన్ని 'తింటుంది' అని చదువుతున్నారు, అందుకే తినేదాని నుంచి తిండి వైపు గీస్తున్నారు. 'లోపలికి వెళ్తుంది' అని చదివించండి. గడ్డి మిడత లోపలికి వెళ్తుంది, మిడత కప్ప లోపలికి వెళ్తుంది. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. చెట్టు మట్టి తిని పెద్దదవుతుందని దాని వాదన. గాలి నుంచి పెరుగుతుందంటే "గాలికి బరువెక్కడిది నాన్నా" అంటుంది. ఎలా ఒప్పించాలి?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: పాప అడిగిన ప్రశ్న మీదే పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు ఐదేళ్ళు పెట్టాడు. 200 పౌన్ల ఎండు మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, నీళ్ళు మాత్రమే పోశాడు. ఐదేళ్ళకు చెట్టు 169 పౌన్లయింది, మట్టి తగ్గింది సుమారు రెండు ఔన్సులు. అంతా నీళ్ళ వల్లేనని ఆయన అనుకున్నాడు. ఆయన మరణం తర్వాత 1648లో ఈ సంగతి అచ్చయింది. చెట్టు ఒంట్లోని కార్బన్ గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ నుంచి వస్తుందని తేలడానికి ఇంకా వందేళ్ళకు పైనే పట్టింది.

ఇంట్లో చూపించాలంటే పెసలు మొలకెత్తించకండి, మొదటి రోజుల్లో అవి గింజలో దాచిపెట్టుకున్న తిండితోనే పెరుగుతాయి, కాబట్టి అది రుజువు కాదు. మనీప్లాంట్ కొమ్మ సీసా నీళ్ళలో వేసి నెలల తరబడి చూడనివ్వండి, మట్టే లేదు కదా. కట్టెల పొయ్యి మీద వంటయ్యే పెళ్ళికి వెళ్తే మాత్రం అవకాశం వదులుకోవద్దు, మోపుల కొద్దీ కట్టెలు కాలాక పొయ్యిలో మిగిలిన బూడిద ఎంతో దూరం నుంచే చూపించండి. మట్టి నుంచి వచ్చిన ఖనిజాలు ఆ బూడిదలో ఉన్నాయి, మిగతాది దాదాపంతా వచ్చిన గాలిలోకే తిరిగిపోయింది. ఇక గాలి బరువుకైతే గాలి గట్టిగా నింపిన ఫుట్‌బాల్‌నీ, గాలి తీసిన అదే ఫుట్‌బాల్‌నీ గ్రాము తేడా కూడా చూపే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూపించండి.

ప్రశ్న: మా కాలనీ చెరువంతా గుర్రపుడెక్క, సాయంత్రమైతే దోమలు. పిల్లలకు దీన్ని పాఠంగా చెప్పొచ్చా?
– ఒక ట్యూషన్ మాస్టారు, కూకట్‌పల్లి

జవాబు: తప్పకుండా చెప్పండి, హైదరాబాద్ పిల్లలకు పదార్థం దారి ఇంతకంటే బాగా కనిపించే చోటు లేదు. ఊళ్ళ నుంచి బియ్యం, కూరగాయలు, పప్పు నగరానికి వస్తాయి. మనం తిన్నాక వాటిలోని నత్రజని, భాస్వరం పొలానికి తిరిగి వెళ్ళాల్సింది పోయి డ్రైనేజీలో పడి చెరువు చేరతాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కకు అదే ఎరువు. అది నీటిని కప్పేస్తే లోపలికి వెలుతురు పోదు, చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోతుంది, చేపలు తేలతాయి. ఆ తర్వాత అమీన్‌పూర్ చెరువు కూడా చూపించగలిగితే మంచిది, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో పక్షుల్ని చూస్తూ ఏ పక్షి ఏం తింటోందో పిల్లలతో రాయించొచ్చు.

కట్ట మీద నుంచే చూపించండి, నీళ్ళ దగ్గరికి వద్దు. గుర్రపుడెక్క తీయించే రోజు గనక దొరికితే, తీసిన కుప్పలు ఎక్కడ వేస్తున్నారో పిల్లల్ని గమనించమనండి. గట్టు మీదే వదిలేస్తే అవి అక్కడే కుళ్ళి, వానకు ఆ నత్రజనీ భాస్వరమూ మళ్ళీ చెరువులోకే దిగుతాయి, కాబట్టి లారీ ఎక్కించి కంపోస్టుకు పంపుతున్నారా లేదా అన్నది వాళ్ళు కాలనీ పెద్దలను అడగాల్సిన ప్రశ్న.