వైజాగ్‌లో పాత బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి?

లండన్‌లో జనం దానమిచ్చిన పాత సామాన్లు అమ్మే ఛారిటీ షాపుల్లో పాత బొమ్మకార్లు దొరుకుతాయట, వైజాగ్‌లో అలాంటివి ఎక్కడున్నాయని అడిగారు. ఆక్స్‌ఫామ్ లాంటి ఛారిటీ కొట్టు ఇక్కడ నా కంటపడలేదండీ. మనకు దిక్కు పాత ఇనప సామాన్ల కొట్టే. కాకపోతే లండన్‌లో బొమ్మని బొమ్మలాగే అరలో పెడతారు, ఇక్కడ ఇనుము, ప్లాస్టిక్ విడగొట్టి తూకానికి తోసేస్తారు. సుత్తి పడేలోపు మనం అక్కడుండాలి.

నేను పదేళ్ళుగా వన్‌టౌన్, అల్లిపురం, గాజువాక తిరుగుతున్నాను. మంచివన్నీ ఏప్రిల్, జూన్ మధ్యే దొరికాయి. బదిలీల మీద వెళ్ళే నేవీ, స్టీల్‌ప్లాంట్ కుటుంబాలు లారీలో పట్టనివన్నీ అప్పుడే వదిలించుకుంటాయి. ఒక కొట్లో సరుకు వేరుచేసే అప్ప మొదట్లో నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసేది. ఇప్పుడు "తమ్ముడూ, నీ బుల్లి బళ్ళొచ్చాయి" అని డబ్బాలో దాచి ఉంచుతుంది. తూకానికి 5 రూపాయలు పలికేదానికి 50 ఇస్తాను. అక్కడ బేరమాడితే రెండోసారి డబ్బా ఉండదు.

కారు చేతికి రాగానే తిరగేసి అడుగు చదవండి. లెస్నీ, ఇంగ్లండ్ అని ఉంటే అది లెస్నీ కంపెనీ చేసిన పాత మ్యాచ్‌బాక్స్ కారు. ఆ కంపెనీ 1982లో దివాలా తీసింది, కాబట్టి వయసు ఇట్టే తెలుస్తుంది. హాట్‌వీల్స్ అడుగున ఉండే సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి. అది ఆ డిజైన్ హక్కుల సంవత్సరం, కారు తయారైనది కాదు. నేనూ మొదట్లో అలాగే మోసపోయి, కొత్త కారుకి పాత ధర పెట్టాను. నిక్కీ టాయ్స్ అని కనబడితే ఆలోచించకుండా తీసుకోండి. ఇంగ్లండ్ డింకీ కార్ల పాత అచ్చులతో కలకత్తాలో పోసినవి అవి. నాకు దొరికింది ఒక్కటే, దానికీ ఒక టైరు లేదు. అయినా నా లెస్నీలన్నిటికంటే అదే ఇష్టం.

రేకు బొమ్మలైతే మన ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి ఉంటాయి. తాళం బలవంతంగా తిప్పితే స్ప్రింగు టప్పున తెగుతుంది.

ఏటికొప్పాక బొమ్మల్ని మాత్రం వదలొద్దు. మన పక్కూరివేగా అని ఎవరూ లెక్కచేయరు, అందుకే ఇంకా చవగ్గా దొరుకుతున్నాయి. ఓసారి పాత పెళ్ళికూతురు బొమ్మ దొరికింది, రంగు నల్లబడి ఉంది. ఇంటికి తెచ్చి స్పిరిట్‌తో తుడిచాను. ఎర్ర చీర, కళ్ళు, బొట్టు మొత్తం దూదికి అంటుకొచ్చేశాయి! అంకుడు కర్ర తిరుగుతుండగా పుట్టే వేడికి కరిగించి పూసిన లక్క అది, స్పిరిట్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. మా ఆవిడ ఇప్పటికీ ఆ బొమ్మని చూపించి మరీ నవ్వుతుంది. మీకు దొరికితే మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, అంతకు మించి ఏమీ చేయకండి.