లోగో తెర మీద ఉంది, గెర్బర్‌లో లేదు!

ప్రశ్న: సార్, మేం నలుగురం కలిసి మారతహళ్లిలో చిన్న కంపెనీ పెట్టుకున్నాం. పొలంలో తేమ ఎంతుందో చూసే సెన్సర్ బోర్డు మాది, మీద ఈఎస్‌పీ32 వైఫై మాడ్యూల్ ఉంటుంది. సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్ 7లో గీశాను. మా పార్ట్‌నర్ వాట్సాప్‌లో పంపిన లోగో జేపీజీని బోర్డు మీద పెడితే తెర మీద భలే కనబడింది. తీరా పీన్యాలో బోర్డులు చేసేవాళ్లు గెర్బర్ (తయారీకి పంపే ఫైళ్లు) చూసి ‘లోగో ఎక్కడండీ?’ అన్నారు. కైక్యాడ్‌తోనే వచ్చే ఇమేజ్ కన్వర్టర్‌తో చేస్తే నల్లటి ముద్ద వచ్చింది. ఏం చేయాలి? అసలు రంగుల్లో వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీరు పెట్టింది లోగో కాదండీ, రిఫరెన్స్ ఇమేజ్. కైక్యాడ్ 7లో అది కొత్తగా వచ్చింది, పాత బోర్డు ఫొటోనో డ్రాయింగునో కింద పెట్టుకుని దాని మీద గీసుకోవడానికి పనికొస్తుంది. ఫ్యాక్టరీకి వెళ్లే ఫైళ్లలోకి అది రాదు. గెర్బర్‌కి తెలిసిందల్లా గీతలు, నింపిన ఆకారాలు. సిల్క్‌స్క్రీన్, అంటే బోర్డు మీద సిరాతో వేసే అచ్చు, రబ్బరు స్టాంపు లాంటిదే అనుకోండి: సిరా పడుతుంది, లేదా పడదు. మధ్యలో లేత నీడలు, మెరుపులు ఉండవు.

ముద్ద ఎందుకైందంటే రెండు కారణాలు. మీ లోగోలో ఆకు వెనక ఒక నీడ, లేత నుంచి ముదురుకి మారే ఆకుపచ్చ ఉండే ఉంటాయి, ఈ రోజుల్లో డిజైనర్లు అవి పెట్టకుండా వదలరు. రెండోది వాట్సాప్. అది బొమ్మను నొక్కేసి పంపుతుంది, అంచుల చుట్టూ కంటికి ఆనని మచ్చలు చేరతాయి, నలుపు-తెలుపుగా మార్చగానే అవన్నీ చుక్కలై కూర్చుంటాయి. కాబట్టి ముందు పార్ట్‌నర్‌ని అడిగి ఎస్‌వీజీ (బొమ్మను గీతల రూపంలో దాచే ఫైలు) తెప్పించుకోండి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి నీడలు తీసేసి, అంతా ఒకే నలుపు చేసి, పెద్ద సైజు పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. అప్పుడు కన్వర్టర్‌లో లోడ్ చేసి, సైజు మిల్లీమీటర్లలో ఇచ్చి, ‘బ్లాక్ అండ్ వైట్’ ట్యాబ్ చూస్తూ థ్రెషోల్డ్ (ఏది నలుపు, ఏది తెలుపు అనే హద్దు) జరపండి. అవుట్‌పుట్ ‘ఫుట్‌ప్రింట్’ (బోర్డు మీద ఒక భాగం కూర్చునే ఆకారం), లేయర్ ఫ్రంట్ సిల్క్‌స్క్రీన్. క్లిప్‌బోర్డుకి పంపి నేరుగా బోర్డు మీద పేస్ట్ చేసుకోవచ్చు.

ఇక సైజు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌లో జూమ్ చేసి చూస్తే లోగో అరచేయంత ఉంటుంది, బోర్డు మీద అది 12 మి.మీ. మాత్రమే. చాలా ఫ్యాక్టరీలు సిల్క్‌స్క్రీన్ గీత కనీసం 0.15 మి.మీ. మందం ఉండాలంటాయి, ఇంగ్లిష్ అక్షరం ఎత్తు 0.8 నుంచి 1 మి.మీ. అయినా ఉండాలి. లోగో కింద చిన్నక్షరాల్లో ట్యాగ్‌లైన్ ఉంటే నిర్మొహమాటంగా తీసేయండి, పార్ట్‌నర్ అలిగినా సరే. పేరు తెలుగులో ఉంటే ఇంకా జాగ్రత్త. మన అక్షరాలన్నీ గుండ్రాలు, మెలికలు, కింద వేలాడే ఒత్తులు. చిన్న సైజులో ‘క్ష’ లోపలి ఖాళీలు సిరాతో పూడిపోయి ఏ అక్షరమో తెలియదు. నన్నడిగితే తెలుగు పేరుకి ఒత్తులు కాకుండానే 2 మి.మీ. పైన ఎత్తు ఇస్తాను, లావు ఫాంటు వాడను, ఎందుకంటే లావు పెరిగేకొద్దీ లోపలి ఖాళీ తగ్గిపోతుంది. పేపరు మీద అసలు సైజులో ప్రింట్ తీసి చూడండి, సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

రంగుల సంగతి. మామూలు ఆర్డర్‌లో సిల్క్‌స్క్రీన్ ఒకటే రంగు. కానీ బోర్డుకి తన రంగులు తనకున్నాయి, వాటిని వాడుకోవచ్చు. ఆకుపచ్చ మాస్క్ (బోర్డు మీది రక్షణ పూత) కింద రాగి ఉన్నచోట ఒక ఛాయ, లేనిచోట ఇంకో ఛాయ. రాగి మీద మాస్క్ తెరిస్తే ఈనిగ్ ఫినిష్‌లో (బంగారు పూత) బంగారు రంగు, హెచ్‌ఏఎస్‌ఎల్‌లో (టంకం పూత) వెండి రంగు. రాగీ మాస్కూ రెండూ లేకపోతే బోర్డు అసలు పదార్థం ఎఫ్‌ఆర్4ది లేత గోధుమ రంగు. పైన తెల్ల సిల్క్‌స్క్రీన్. ఒక్కో భాగాన్ని ఒక్కో లేయర్‌కి పంపితే నాలుగైదు రంగుల బొమ్మ వస్తుంది, అదనపు ఖర్చు లేకుండా. ఈనిగ్ ఎలాగూ తీసుకుంటున్నట్టయితేనే బంగారు లోగో పెట్టుకోండి, లోగో కోసం ఫినిష్ మార్చడం డబ్బు దండగ. హెచ్‌ఏఎస్‌ఎల్‌లో పెద్ద ఆకారాలు ఎగుడుదిగుడుగా వస్తాయి, అంత బాగోవు.

మీ విషయంలో ఒక గట్టి హెచ్చరిక: ఈఎస్‌పీ32 యాంటెన్నా ఉన్న అంచున రాగి లోగో అస్సలు పెట్టకండి. అక్కడ ఖాళీ స్థలం కనబడి చేయి లాగుతుంది, కానీ ఆ ఖాళీ వదిలింది వైఫై కోసం. అలాగే పవర్ లైన్ మీద మాస్క్ తెరిచి బొమ్మ వేస్తే అది నగ్నంగా ఉన్న తీగే, స్క్రూ పడినా డబ్బా లోహం తగిలినా షార్ట్.

లోగో పెట్టాక ఫుట్‌ప్రింట్ ప్రాపర్టీస్‌లో ‘నాట్ ఇన్ స్కిమాటిక్’, ‘ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ బీఓఎమ్’ (విడిభాగాల జాబితాలో చేర్చొద్దని), ‘ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ పొజిషన్ ఫైల్స్’ టిక్ ఉన్నాయో లేదో చూసి, లాక్ చేయండి. లేదంటే స్కిమాటిక్ (సర్క్యూట్ డయాగ్రమ్) నుంచి అప్‌డేట్ చేసేటప్పుడు, సింబల్ లేని ఫుట్‌ప్రింట్లు తీసేయమనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే లోగో మాయం. కన్వర్టర్ పెట్టే ‘జీ***’ అనే పేరు పక్కన కనబడుతుంటే దాచేయండి, అది కూడా అచ్చవుతుంది. లోగో టంకం పెట్టే ప్యాడ్ల మీదికి వెళ్తే ఫ్యాక్టరీవాళ్లు ఆ మేరకు సిరా కత్తిరిస్తారు. చివరగా కైక్యాడ్‌తో వచ్చే గెర్బర్ వ్యూయర్‌లో తెరిచి చూడండి. అందులో కనబడకపోతే బోర్డు మీదా కనబడదు.

ప్రశ్న: లోగో వెనక వైపు వేయాలంటే ముందే తిరగేసి పెట్టాలా? పక్కన సీఈ గుర్తు కూడా పెడితే ప్రొఫెషనల్‌గా ఉంటుందని మా బావ అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, యలహంక, బెంగళూరు

జవాబు: తిరగేయొద్దు. మామూలుగా ముందు వైపు పెట్టి, ఎంచుకుని ‘ఎఫ్’ నొక్కండి, వెనక లేయర్‌కి వెళ్లి తెర మీద అద్దంలో చూసినట్టు తిరగబడి కనబడుతుంది. కంగారు పడకండి, మీరు బోర్డును పైనుంచి, గాజులోంచి చూసినట్టు చూస్తున్నారు కాబట్టే అలా ఉంది. ముందే తిరగేసి పెట్టారంటేనే అచ్చు తప్పవుతుంది.

సీఈ మాత్రం అలంకారం కాదమ్మా. యూరప్ నిబంధనలకు తగ్గట్టు పరీక్షలు, కాగితాలు పూర్తిచేసి, బాధ్యత మాదేనని తయారీదారు ప్రకటించాకే వేయాలి, వేసేటప్పుడు మామూలుగా ఎత్తు 5 మి.మీ.కి తగ్గకూడదు. మన బీఐఎస్ గుర్తూ అంతే, రిజిస్ట్రేషన్ లేకుండా వాడితే నేరం. ఆ చోట వెర్షన్ నంబరు, తేదీ వేసుకోండి. రేపు రెండు రకాల బోర్డులు బల్ల మీద కలిసిపోయినప్పుడు బావగారికే పనికొస్తాయి.