కుక్క చెవి వెనక పుండులో పురుగులు... టర్పెంటైన్ పోయొచ్చా?

ప్రశ్న: మా కుక్కకు 11 ఏళ్లు. ఒళ్లంతా ఒత్తుగా జుట్టు ఉంటుంది. కొన్నాళ్లుగా చెవి తెగ గోక్కుంటోంది, తల విదిలిస్తోంది. నిన్న దగ్గరికి వస్తే భరించలేని వాసన. జుట్టు పక్కకు తీసి చూస్తే చెవి వెనక చిన్న రంధ్రం, లోపల తెల్లటి పురుగులు కదులుతున్నాయి. ట్వీజర్‌తో కొన్ని తీశాం. టర్పెంటైన్ పోస్తే మిగతావన్నీ బయటికి వచ్చేస్తాయని ఒకరంటే, అవి కుళ్లిన మాంసమే తింటాయి, పుండు దానంతటదే శుభ్రమవుతుంది, వదిలేయమని ఇంకొకరు అంటున్నారు. ఇంట్లో పిల్లి ఉంది, ఏడాది పాప ఉంది. వాళ్లకూ వస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

వెటర్నరీ డాక్టర్ జవాబు:

టర్పెంటైన్ పోయకండి. అలాగని వదిలేయకండి కూడా. ఈ రోజే పశువైద్యుడికి చూపించండి, రేపు చూద్దాంలే అనుకునే సమస్య కాదిది.

మీరు చూసినవి ఈగ పిల్లలు. రక్తమో చీమో కారుతున్న చోట, తడి ఆరని చోట ఈగ వాలి ఒక్కసారే వందకు పైగా గుడ్లు పెట్టి పోతుంది. లేత పసుపు కలిసిన రవ్వలా జుట్టు మొదళ్లకు గుత్తులుగా అంటుకుని ఉంటాయి, దువ్వితే ఊడిరావు. వాతావరణం వేడిగా, తేమగా ఉంటే రోజు తిరక్కుండానే అవి పగిలి పిల్లలు బయటికొస్తాయి, వారం లోపే బాగా బలిసి కింద పడి మట్టిలోకి దూరి మళ్లీ ఈగలై లేస్తాయి. ఈ మధ్యలో అవి చేసే నష్టం పైకి కనబడదు. రంధ్రం వేలి గోరంతే ఉంటుంది, జుట్టంతా తీసి చూస్తే చర్మం కింద అరచేతి వెడల్పున ఖాళీ ఉంటుంది. టార్చి వేసి చూస్తే మీకు కనిపించేది పురుగుల తలలు కాదు, తోకలు. ఆ తోక చివర ఉండే రెండు నల్లటి చుక్కలతోనే అవి గాలి పీలుస్తాయి, నోరేమో కింద మాంసంలో ఉంటుంది. కదిలిస్తే ఇంకా లోపలికి జరుగుతాయి. అందుకే ఇంట్లో పైపైన కొన్ని తీసి ‘అయిపోయింది’ అనుకున్నవాళ్లు మర్నాడు మళ్లీ గాభరాగా ఫోన్ చేస్తుంటారు.

కుళ్లిన మాంసమే తింటాయన్న మాటలో సగం నిజముంది. లూసీలియా సెరికాటా అనే ఆకుపచ్చ ఈగ పిల్లల్ని ల్యాబ్‌లో క్రిములు లేకుండా పెంచి, మానని పుండ్లను శుభ్రం చేయడానికి మనుషులకే వాడతారు, అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ దీనికి 2004లో అనుమతి కూడా ఇచ్చింది. అయితే అక్కడ ఎన్ని పెట్టాలి, ఎన్ని గంటలు ఉంచాలి, ఎప్పుడు తీసేయాలి అన్నీ డాక్టరు లెక్క ప్రకారం జరుగుతాయి. బయటి ఈగకు ఆ లెక్క ఎవరు చెప్తారు? అదే ఆకుపచ్చ ఈగ పెంపుడు కుందేలు తోక కింద గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఇక స్క్రూవార్మ్ ఈగల సంగతి వేరే, వాటి పిల్లలకు కావలసింది బతికున్న మాంసమే. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో క్రైసోమియా బెజియానా అని ఒక రకం, అమెరికా ఖండాల్లో ఇంకో రకం ఉన్నాయి. (ఆ రెండో రకాన్ని వదిలించుకోవడానికి మగ ఈగల్ని ఫ్యాక్టరీల్లో పెంచి, రేడియేషన్‌తో సంతానం కలగకుండా చేసి విమానాల్లోంచి వదిలారు. ఆడ ఈగ జన్మలో ఒక్కసారే జత కడుతుంది, అది ఇలాంటి మగ ఈగతో అయితే ఇక పిల్లలుండవు కాబట్టి ఆ పాచిక పారింది. దానికి ఆద్యులైన అమెరికా శాస్త్రవేత్తలు నిప్లింగ్, బుష్‌లాండ్‌లకు 1992లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు.) మీ కుక్క పుండులో ఉన్నవి ఏ ఈగవో మామూలు కంటితో చూసి నేనూ చెప్పలేను, మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. అలాంటప్పుడు మంచి పురుగులేమో అని ఎదురుచూడడం దేనికి?

టర్పెంటైన్ విషయానికొస్తే, పోస్తే కొన్ని పురుగులు బయటికి వచ్చే మాట నిజమే, ఆ అలవాటు పోకపోవడానికి కారణం కూడా అదే. కానీ అది పచ్చి పుండును కాలుస్తుంది, చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. కుక్క నాక్కుని, కక్కుకుని, అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పైగా మీ కుక్కకు పుండు చెవి దగ్గర ఉంది, కర్ణభేరి ఇప్పటికే చిరిగి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. లోపలే చచ్చిన పురుగులు అక్కడే కుళ్లి చీము పట్టిస్తాయి. పెట్రోలు, కిరోసిన్, ఫినాయిల్, నాఫ్తలీన్ ఉండలు, వీటన్నిటికీ ఇదే జవాబు. ఇంట్లో పిల్లి ఉందన్నారు, ఫినాయిల్ లాంటివాటిని అరిగించుకుని బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్క ఒంటికి పూసినదాన్ని అది నాకినా ప్రమాదమే. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందు చుక్కలు కూడా పిల్లికి విషమే, వేస్తే ఫిట్స్ వస్తాయి.

హాస్పిటల్‌కి వెళ్లేలోపు మీరు చేయగలిగింది కొంత ఉంది. ఎంత మంచి కుక్కయినా నొప్పికి కరుస్తుంది, కాబట్టి ముందు మూతికి మెత్తటి గుడ్డ కట్టండి, ఊపిరి ఇబ్బందిగా ఉంటే మాత్రం వద్దు. గ్లవ్స్ వేసుకుని, పుండు చుట్టూ జుట్టు ట్రిమ్మర్‌తో తీసేయండి, గుడ్లు కూడా దాంతోనే పోతాయి. లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలిపి, సూది లేని సిరంజితో మెల్లగా కడగండి. చెవి రంధ్రంలోకి మాత్రం ఏమీ పోయకండి. పైకి వచ్చిన పురుగుల్ని నలపకుండా తీయండి, లోతుగా కెలకొద్దు. తీసినవాటిని మట్టిలో పారేస్తే ఈగలవుతాయి, మరిగే నీళ్లలో వేయండి, ఒకటి రెండు మాత్రం స్పిరిట్‌లో వేసి డాక్టరుకు చూపించండి. తర్వాత ఈగ వాలకుండా శుభ్రమైన గాజ్ గుడ్డ (కట్లు కట్టే పల్చటి గుడ్డ) కప్పి బయల్దేరండి.

అక్కడ మత్తిచ్చి లోపలిదాకా శుభ్రం చేస్తారు, నొప్పికీ ఇన్‌ఫెక్షన్‌కీ మందులిస్తారు, పురుగులు చావడానికి నైటెన్‌పైరామ్ లాంటి మాత్ర ఇవ్వొచ్చు. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు పేరు మీరు వినే ఉంటారు, కోలీ జాతి, దాని పోలిక కుక్కలు కొన్నింటికి ఒక జన్యులోపం వల్ల అది మెదడుకెక్కి ప్రాణం తీయగలదు, కాబట్టి సొంతంగా వేయకండి. పుండుకు వెంటనే కుట్లు వేయలేదని కంగారుపడొద్దు. ఇలాంటివాటిని తెరిచే ఉంచి లోపల్నుంచి మానేలా చూస్తారు. మర్నాడు మళ్లీ చూపించడం మాత్రం మానకండి, మిగిలిన గుడ్లు ఆలోపు పగిలి ఉండొచ్చు.

అసలు ఈగ ఎందుకు వాలిందో కూడా అడగండి. మీరు రాసినదాన్ని బట్టి ముందు చెవిలో ఇన్‌ఫెక్షనో పేలో గోమార్లో ఉండి ఉంటాయి, గోకీ గోకీ పుండైంది, ఒత్తు జుట్టు కింద మీకు కనబడలేదు. ఆ చెవికి మందు వేయకుండా పురుగులు మాత్రమే తీయిస్తే మళ్లీ వస్తాయి. ఈ వయసులో నీళ్లు ఎక్కువ తాగుతుంటే, బరువు తగ్గుతుంటే షుగర్ టెస్టు కూడా చేయించండి. పుండు మానేదాకా జుట్టు పొట్టిగా ఉంచి, మెడకు కోన్ కాలర్ వేసి, ఈగలు రాని చోట ఉంచండి.

పిల్లి, పాప గురించి భయం వద్దు. ఈ పురుగులు ఒకరి మీంచి ఒకరి మీదికి పాకి అంటుకునేవి కావు, ఈగ వచ్చి నేరుగా గుడ్లు పెట్టాల్సిందే. ఇంట్లో ఎవరికైనా మానని పుండుంటే, ముఖ్యంగా మంచం పట్టిన పెద్దవాళ్లుంటే, దాన్ని కప్పి ఉంచండి. కుక్కను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లి ఒంటి మీద కూడా ఒకసారి చేత్తో తడిమి చూడండి. మధ్యలో చిన్న రంధ్రంతో గడ్డ ఏదైనా తగిలితే పిండొద్దు. అమెరికా ఖండాల్లోని బాట్ ఫ్లై, ఆఫ్రికాలోని టుంబు ఈగ పిల్లలు పుండు లేకపోయినా ఒంట్లోకి దూరి ఇలాగే గడ్డ కడతాయి, పిండితే లోపలే చితికి పెద్ద రియాక్షన్ రావచ్చు.

కుక్క తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, తూలుతున్నా, తల ఒక పక్కకు వాలిపోతున్నా ఇంట్లో కడిగే పని పెట్టుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.