సమాధానం: క్లోరోప్లాస్ట్ జన్యువుల మీద పెత్తనం ఎవరిది?

తమ్ముడూ, హన్మకొండలో మీ ఇంట్లో బకెట్ బోర్లించిన మొక్కజొన్న మొలకలు పసుపుగా ఎందుకయ్యాయి, సొంత డీఎన్ఏ ఉన్న క్లోరోప్లాస్ట్ (ఆకు కణంలో పత్రహరితం ఉండే పచ్చటి భాగం) కణ కేంద్రకం మాట ఎందుకు వింటుంది అని అడిగావు. రెండూ కలిపేయకు. పసుపుకు ముఖ్య కారణం జన్యువులు ఆగిపోవడం కాదు. పత్రహరితం తయారీలో ఒక ఎంజైమ్ వెలుతురు పడితేనే పనిచేస్తుంది. మన ఊళ్లలో గడ్డివాము కింద మొలిచిన గడ్డి పాలిపోయేదీ అందుకే.

ఇక పెత్తనం సంగతి. వరి క్లోరోప్లాస్ట్ డీఎన్ఏను 1989లోనే పూర్తిగా చదివారు: 1,34,525 క్షార జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు), వందకు పైగా జన్యువులు, అంతే. లోపల పనిచేసే ప్రొటీన్లు మాత్రం వేలల్లో ఉంటాయి. చాలావరకు కేంద్రకం పంపినవే. జన్యువులను చదివి ఆర్ఎన్ఏ నకలు తీసే ఎంజైమ్‌లు, అంటే పాలిమరేజ్‌లు, రెండు రకాలు. ఒకటి కేంద్రకానిది. రెండోది బ్యాక్టీరియా తరహాది, దాని మూల భాగం క్లోరోప్లాస్ట్ సొంతం. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో దానికి చూపే సిగ్మా ప్రొటీన్లు కేంద్రకం నుంచే రావాలి!

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది, పుస్తకాల్లో ఇది ఒక్క లైనులో తేల్చేస్తారు. ఆర్ఎన్ఏ తయారైనా, కేంద్రకం పంపే పీపీఆర్ ప్రొటీన్లు (ఆర్ఎన్ఏను గుర్తుపట్టి అంటుకునేవి) దాన్ని కత్తిరించాలి, దిద్దాలి, కాపాడాలి. మన మే నెల లాంటి ఎండకు, కిరణజన్య సంయోగక్రియలో పనిచేసే డీ1 అనే ప్రొటీన్ త్వరగా పాడవుతుంది. అప్పుడు ఆర్ఎన్ఏ పెద్దగా పెరగకుండానే డీ1 తయారీ జోరందుకుంటుంది. అంటే అదుపు ఆర్ఎన్ఏ తయారయ్యాక కూడా ఉంటుందన్నమాట.